మూడో పాటలో తుమ్ము

మత్సుయామా
నవంబరు 9

ఫోను తీసేసి తపస్సుకు కూర్చున్న మా అన్నయ్యకి,

ఇక్కడ నారింజలు పండాయి. కొండవాలు మీద ఆకులకంటే కాయలే ఎక్కువ కనిపిస్తున్నాయి. ఋతువు గురించి ఒక్క మాటైనా రాయకుండా ఉత్తరం మొదలుపెడితే నానమ్మ వేళ్ళ మీద కొట్టేది కదా, అందుకని రాశాను. ఇక అసలు సంగతి.

నీ ఉత్తరం అందింది. "ముందుమాటలు వదిలేశాను. షాపు ఫోను తీయించేశాను. సెల్‌ఫోను సింకులో పడింది. కొత్తది కొనను. ఏమైనా ఉంటే ఉత్తరం రాయి." ఐదు వాక్యాలు! మా ఇంటికొచ్చే కరెంటు బిల్లు ఇంతకంటే ఆప్యాయంగా ఉంటుంది. జన్మలో కొత్త సంవత్సరం కార్డు కూడా సొంతంగా రాయని మనిషివి, ఇప్పుడు ఉత్తరాల మీద ఇంత మోజేమిటి? హకోదాతేలో పోస్టాఫీసు పిల్ల ఎవరైనా బాగుందా? విడాకులైన మగవాళ్ళకి అరవై దగ్గరపడితే ఇలాంటి వేషాలే వస్తాయని మీ బావ అంటున్నాడు.

నిన్న అలమర సర్దుతుంటే ఏం దొరికిందో చెప్పు. నీ కాసెట్! అట్ట మీద నీ పదమూడేళ్ళ చేతిరాత: "ముట్టుకుంటే చంపుతా. కునిహికో." ముట్టుకున్నాను. ఇంకా బతికే ఉన్నాను.

అందులో మూడో పాట గుర్తుందిగా, "రేవులో ఆఖరి బస్సు". టీవీకి ఎదురుగా టేపు రికార్డరు పెట్టి, "పాట అయ్యేదాకా ఇంట్లో ఎవరూ ఊపిరి పీల్చొద్దు" అని హుకుం జారీ చేశావు. నాన్న చేతిలో బీరు గ్లాసుతో బొమ్మలా కూర్చున్నాడు. సరిగ్గా రెండో చరణం చివర, గాయకుడు గొంతెత్తబోతుంటే, జరుపు తలుపు కిర్రుమంది, నానమ్మ హాచ్చని తుమ్మింది. తుమ్మి ఊరుకుందా? "ఎవరే నా గురించి చెప్పుకుంటున్నది?" అని నిలదీసింది కూడా, తుమ్మొచ్చిందంటే ఎక్కడో ఎవరో మన మాట చెప్పుకుంటున్నట్టేనని ఆవిడ లెక్క కదా. రికార్డు కొనే స్తోమత లేదు కనక ఆ టేపే అరిగిపోయేదాకా విన్నాం. ఇప్పటికీ కరావోకేలో ఆ చోటికొచ్చేసరికి నేను తుమ్ముకి చోటిచ్చి ఆగుతాను. పక్కవాళ్ళు నాకు పాట రాదనుకుంటారు.

అన్నట్టు, ఆ తలుపు తీసింది నువ్వే. నేను కాదు.

మే నెలలో నీకు అరవై నిండుతాయి. ఎర్ర చొక్కా నేను కుడుతున్నాను. నీ కాఫీ షాపులోనే, నీ గిరాకీల ముందు ఇద్దరం ఆ పాట పాడుతున్నాం. ఇది అడగడం కాదు, చెప్పడం. కాసెట్టును డిస్కులోకి ఎక్కించమని మా వీధి చివర రేడియోలు బాగుచేసే ఆయనకిచ్చాను. రాగానే పంపుతాను.

నారింజల పెట్టె వేరే వస్తుంది. అన్నీ నువ్వే తినకు, గిరాకీలకి కూడా పెట్టు.

చిజురు

*

హకోదాతే
డిసెంబరు 2

చిజురుకి,

ముందుమాటలు వదిలేశాను. మంచు పడుతోంది. ఇక్కడ డిసెంబరులో మంచు పడుతుందని రాయడం సముద్రంలో నీళ్ళున్నాయని రాసినట్టు ఉంటుంది.

పోస్టాఫీసులో పిల్ల లేదు. నాకంటే ముసలాయన ఉన్నాడు. బాగోడు. ఈ సంగతి మీ ఆయనకి చెప్పు.

నారింజలు అందాయి. తియ్యగా ఉన్నాయి. గిరాకీలు నీ పేరు చెప్పుకుని తిన్నారు, నీకు తుమ్ములొచ్చి ఉండాలి.

తలుపు తీసింది నువ్వు. నేను టేపు రికార్డరు పక్కన బోర్లా పడుకుని ఉన్నాను. బోర్లా పడుకున్నవాడు తలుపెలా తీస్తాడు? నలభై ఆరేళ్ళుగా ఇదే అడుగుతున్నాను.

ఎర్ర చొక్కా సంగతి: వద్దు. అరవై నిండితే మనిషి మళ్ళీ పసివాడవుతాడని చెప్పి పసిపిల్లల రంగు తొడుగుతారు. నేను ఇంకా మొదటి విడత పెద్దవాణ్ణే కాలేదు.

పాట సంగతి: అదీ వద్దు. గొంతు బాగాలేదు. షాపులో ఇంట్రో పందేలు కూడా ఆపేశాను. రెండు సెకన్లు వినిపించి పాట పేరు చెప్పమనడం, ఓడినవాడు కాఫీ ఇప్పించడం, ఇదంతా నలభైల్లో బాగుంటుంది. ఇప్పుడు అందరూ పేరు నాలుక మీదే ఉందంటారు కానీ ఆ నాలుక ఎక్కడుందో తెలియదు.

వంటింట్లో జారిపడకు. బడిపిల్లలకి మూడు వందల భోజనాలు వండేదానివి, నీ నడుం జాగ్రత్త.

కునిహికో

*

మత్సుయామా
జనవరి 14

మొదటి విడత పసివాడికి,

ఋతువు: చలి. నువ్వు నవ్వుతావు, మీ చలిలో ఇది వసంతం. అయినా నేను దుప్పటి కప్పిన వేడిబల్ల కింద కాళ్ళు పెట్టుకునే రాస్తున్నాను.

పందేలు ఆపేశావా? నువ్వా? ఆ పందెం కోసమే కదా అమోరి నుంచి రైలెక్కి మనుషులు వచ్చేది! గిటారు వాయించేవాడు తీగ మీద వేలు పెట్టకముందే, వాడు ఊపిరి పీల్చిన చప్పుడుకే పాట పేరు చెప్పే మనిషివి. నీ పెళ్ళి విందులో వదిన పేరు పిలవడానికి తడబడ్డావు గానీ, వెనకాల మోగుతున్న పాట ఏ ఏటిదో మాత్రం తడబడలేదు.

గొంతు బాగాలేకపోతే మూడు మెట్లు కిందికి దించి పాడదాం. అందరూ అంతే చేస్తున్నారు. మా కరావోకే గదిలో మీట నొక్కి శ్రుతి దించడానికి ఎవరూ సిగ్గుపడటం లేదు, నీ ఒక్కడికే మగతనం అడ్డొస్తుంది. ఎన్ని చెప్పినా నీకు ఎక్కదు, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నీతో వ్యవహారం.

మీ బావ టీవీలో చూసి పాటల పెట్టె ఒకటి తెప్పించాడు. ఐదు డిస్కులు, మన కాలపు పాటలు ఎనభై. "మీ యవ్వనం మీ గుమ్మంలోకి" అని ప్రకటన. పాటల పుస్తకంలో అక్షరాలు కళ్ళజోడు లేకుండా చదివేంత పెద్దవి. యవ్వనం అంత పెద్ద అక్షరాల్లో వస్తే ఏం బాగుంటుంది చెప్పు? అయినా ఈయన స్నానాల గదిలో రోజుకొకటి ప్రాక్టీసు చేస్తున్నాడు. జుట్టు నడుందాకా పెంచిన ఆ నలుగురు గాయకుల పాట, బట్టతల మీద నీళ్ళు పోసుకుంటూ.

కాసెట్టు ఇంకా రేడియో ఆయన దగ్గరే ఉంది. టేపు ఎండిన సముద్రపు నాచులా అంటుకుపోయిందట. "అమ్మా, దీనికి ఓపిక కావాలి" అన్నాడు. "నాకు లేదు, మీరు పెట్టుకోండి" అన్నాను.

విమానం టికెట్టు కొనేశాను. మే 18, ఆదివారం. ఇక నువ్వు వద్దన్నా డబ్బు తిరిగివ్వరు.

చిజురు

*

మత్సుయామా
ఫిబ్రవరి 3

అన్నయ్యా,

ఈ రోజు దయ్యాలను తరిమే రోజు కదా, వేయించిన గింజలు వయసెంతో అన్ని తినాలని కూర్చున్నాను. నలభై దగ్గర దవడ పట్టేసింది. అందుకని రెండు ముక్కలే రాస్తున్నాను. డిస్కు పంపుతున్నాను. మూడోది మన పాట. విని ఎలా ఉందో చెప్పు. మిగతా కబుర్లు మళ్ళీ.

చిజురు

*

హకోదాతే
ఫిబ్రవరి 20

చిజురుకి,

ముందుమాటలు వదిలేశాను.

డిస్కు అందింది. మధ్యాహ్నం గిరాకీలు లేనప్పుడు మూడో పాట పెట్టాను. మీ రేడియో ఆయన చెయ్యి గొప్పది. నానమ్మ తుమ్ము నిన్ననే తుమ్మినంత కొత్తగా ఉంది. "ఎవరే నా గురించి చెప్పుకుంటున్నది?" దగ్గరికొచ్చేసరికి కౌంటరు వెనక ఒక్కణ్ణే నవ్వుకున్నాను. ఆ పాటకి ఆ తుమ్ము లేకపోతే ఉప్పులేని పులుసే.

ఆయనకి నా తరఫున మా సముద్రపు ఎండు స్క్విడ్ పంపుతున్నాను. నీకు కాదు, ఆయనకి. దారిలో తినెయ్యకు.

నీ టికెట్టు సంగతి: వస్తే రా. కాఫీ పోస్తాను. పాట మాత్రం లేదు.

కునిహికో

*

మత్సుయామా
మార్చి 4

అన్నయ్యకి,

ఇవాళ నేను కూడా ముందుమాటలు వదిలేస్తున్నాను.

నీకు పంపింది కాసెట్టు నుంచి తీసిన డిస్కు కాదు. కాసెట్టు ఇంకా ఆ రేడియో ఆయన బల్ల మీదే ఉంది. నేను పంపింది మీ బావ కొన్న పెట్టెలోని డిస్కు. దవడ నొప్పిలో ఆ మాట రాయడం మర్చిపోయాను, అంతే. నిన్ను పరీక్షించాలని కాదు, నానమ్మ మీద ఒట్టు. అందులో గాయకుడు తప్ప ఎవరూ లేరు. తలుపు లేదు, నానమ్మ లేదు, తుమ్ము లేదు. ఉత్తి పాట.

నీ ఉత్తరం చదివి మొదట నవ్వాను. "అబద్ధాలకోరు, డిస్కు వినకుండానే బాగుందన్నాడు" అని మీ బావకి చదివి వినిపించాను. ఆయన నవ్వలేదు. "కునిహికో పాట వినకుండా ఉంటాడా?" అన్నాడు. అప్పుడు నేను ఆ ఉత్తరం మళ్ళీ చదివాను. తర్వాత నవంబరు ఉత్తరం తీసి చదివాను. ఫోను తీసేశావు. సింకులో పడిన సెల్లు మళ్ళీ కొనలేదు. పందేలు ఆపేశావు. గొంతు బాగాలేదన్నావు, కానీ దగ్గు అని రాయలేదు, మందు అని రాయలేదు.

అన్నయ్యా, నీ చెవులు బాగున్నాయా?

శంఖం సామెత రాశాను నీకు. ఆ మాట గుర్తొచ్చి రెండు రోజులుగా అన్నం సయించడం లేదు. బడి వంటింట్లో పులుసులో రెండుసార్లు ఉప్పేసి చీవాట్లు తిన్నాను. తప్పయితే తప్పని రాయి, "ఒసేయ్ పిచ్చిదానా, ఏం ఊహించుకుంటున్నావే" అని తిట్టు. ఎంత బాగా తిడితే అంత సంతోషిస్తాను.

నీకు తోడుగా ఉంటుందని ఒక నిజం ముందు నేను చెప్పేస్తున్నాను. ఆ రోజు తలుపు తీసింది నేనే. బాత్రూముకి వెళ్ళాలనిపించి ఆపుకోలేక నెమ్మదిగా జరిపాను. నేను బయటికి జారుకుంటుంటే నానమ్మ లోపలికొచ్చింది. నలభై ఆరేళ్ళు అబద్ధమాడాను. ఇప్పుడు నీ వంతు.

చిజురు

*

హకోదాతే
మార్చి 22

ఒసేయ్ పిచ్చిదానా,

తిట్టేశాను. కానీ తప్పని రాయలేను.

కిందటేడు జనవరిలో ఒక పొద్దున్న లేచేసరికి ఎడమ చెవి మూసుకుపోయింది. నీళ్ళు పోయాయేమో అనుకుని పది రోజులు ఊరుకున్నాను. డాక్టరు, "వెంటనే వచ్చి ఉంటే ఏమైనా చేసేవాళ్ళం" అన్నాడు. శరదృతువులో కుడి చెవి కూడా సగం పోయింది. దానికి మిషను పెట్టారు. ఎదురుగా నిలబడి నెమ్మదిగా మాట్లాడితే మాట అర్థమవుతుంది. ఫోనులో అర్థం కాదు. పాట అయితే రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఆడించినట్టుంటుంది. ఏ పాటైనా అవే గులకరాళ్ళు.

ఎవరికీ చెప్పలేదు. పాత పాటలు వినడానికే జనం వచ్చే కాఫీ షాపు నాది. ఓనరుకి వినపడదంటే ఎవరొస్తారు? అట్టలు చూసి రికార్డులు పెడతాను. గిరాకీల మొహాలు చూసి పాట సరిగ్గా మోగుతుందో లేదో తెలుసుకుంటాను. యాభై దాటినవాడికి ఇంట్రో వినబడగానే ముందు కదిలేది గడ్డం. తర్వాత పల్లవి పెదాల మీదికి వస్తుంది. చరణాలు ఎవరికీ రావు, అక్కడ కాఫీ తాగుతారు. ఇలా ఆర్నెల్లు నెట్టుకొచ్చాను.

నీ డిస్కు నేను విన్నాను. ఆ ఒక్కటీ అబద్ధం కాదు. స్పీకరు మీద అరచెయ్యి పెట్టి కూర్చున్నాను. డ్రమ్ము చేతికి తెలుస్తుంది. దాని వెంట పాట అంతా తలలో వచ్చేసింది. తలుపు కిర్రుమంది, నానమ్మ తుమ్మింది. నా తలలో ఉన్నది మన టేపే గానీ అసలు పాట కాదని నువ్వు రాసేదాకా నాకే తెలియలేదు. కాబట్టి విన్నానని రాశాను.

శంఖం సామెతకి బాధపడకు. ఈ ఏడాదంతా నాతో ఎవరూ అంత సూటిగా మాట్లాడలేదు. చదివి హాయిగా నవ్వుకున్నాను.

నా బాధ వేరే ఉంది. పోయిన నెల ఒక రికార్డు తిరగెయ్యడం మర్చిపోయి ఒకే పక్క మూడుసార్లు వేశాను. షాపులో అయిదుగురున్నారు. ఒక్కరూ చెప్పలేదు. వెళ్ళేటప్పుడు "ఇవాళ పాటలు బాగున్నాయండీ" అని వంగి దణ్ణం పెట్టి వెళ్ళారు. రికార్డు తియ్యబోతే ఇంకా మొదటి పక్కే పైన ఉంది, అప్పుడు నాకు తెలిసింది. అంటే వాళ్ళకి తెలుసు. తెలిసి మర్యాద చేస్తున్నారు. మన జనం మర్యాద సంగతి నీకు తెలుసు కదా, మనిషిని పరుపు మీద పడుకోబెట్టి ఊపిరాడకుండా చేస్తారు. వినపడకపోవడం నాకు అలవాటవుతోంది చిజురూ. నాకు ఇకమీదట ఎవరూ నిజం చెప్పరేమో, అదే భయం.

ఏప్రిల్ చివర షాపు మూసేస్తున్నాను. నువ్వు టికెట్టు రద్దు చేసుకో.

తలుపు తీసింది నువ్వేనని నాకు ఆ రోజే తెలుసు. నీ మేజోడు గడప దగ్గర పడి ఉంది.

కునిహికో

*

మత్సుయామా
ఏప్రిల్ 3

అన్నయ్యా,

ఇక్కడ చెర్రీ పూలు రాలిపోతున్నాయి. నీ ఉత్తరం పట్టుకుని కాలవ గట్టు మీద కూర్చుని బాగా ఏడ్చాను. పూలు చూసి ఏడుస్తున్నాననుకుని ఒక ముసలావిడ నా పక్కన కూర్చుని తనూ ఏడ్చింది. ఋతువు అయిపోయింది, ఇక తిట్లు.

ఏడాది! ఏడాది పైగా దాచావు! మేజోడు సంగతి తెలిసి నలభై ఆరేళ్ళు దాచినవాడివి, నీకు ఇదొక లెక్కా?

షాపు మూసెయ్యకు. కనీసం మే 18 దాకా మూసెయ్యకు. గుమ్మం మీద ఒక కాగితం అంటించు. మాటలు నేనే రాసి పంపుతున్నాను, నీకు వదిలేస్తే ఐదు ముక్కల్లో శోకసందేశం రాస్తావు. "ఓనరుకి వినపడదు. కావలసిన పాట చీటీ మీద రాసివ్వండి. తప్పు పాట మోగితే చెయ్యెత్తండి. చెయ్యెత్తనివారికి కాఫీ లేదు."

వాళ్ళు మర్యాద చేస్తున్నారంటావు. నువ్వేం చేశావు? నువ్వూ మర్యాదే చేశావు, ఎవరికీ ఇబ్బంది కలగకూడదని. ముందు నువ్వు మానెయ్యి, వాళ్ళూ మానేస్తారు.

పాట పాడుతున్నాం. నీకు వినపడకపోతే ఏం, నాకు వినపడుతుంది కదా. డ్రమ్ము స్పీకరు మీద నీ చెయ్యి పెట్టుకో. మొదలెక్కడో, ఆపేదెక్కడో నేను వేలితో చూపిస్తాను. మూడు మెట్లు దించుతున్నాను, వాదించకు.

నిజం చెప్పేవాళ్ళు లేరంటావా? చిన్నప్పటి నుంచి నేను నీకు మంచి మాట ఎప్పుడైనా చెప్పానా? ఇప్పుడు కొత్తగా మొదలుపెడతానని ఎలా అనుకున్నావు?

ఎర్ర చొక్కా అయిపోయింది. చేతులు కొంచెం పొట్టి అయ్యాయి. తొడుక్కుంటున్నావు.

చిజురు

*

హకోదాతే
మే 27

చిజురుకి,

ఇక్కడ చెర్రీ పూలు ఎప్పుడో అయిపోయి లైలాక్ మొగ్గ వేసింది. పొద్దున్న పొగమంచు సముద్రం మీద నుంచి ట్రాము పట్టాల దాకా వస్తోంది. చూశావా, ఋతువు మీద రెండు వాక్యాలు రాశాను.

నువ్వు క్షేమంగా చేరావని కార్డు అందింది. విమానంలో పక్కాయనకి మన పాట నేర్పించావని రాశావు. ఆయనకి నా సానుభూతి చెప్పు.

ఆ ఆదివారం గురించి నీకు చెప్పనిది ఒకటుంది. ఎదురుగా నిలబడి చెప్పలేక విమానాశ్రయంలో నీ సంచి మోస్తూ ఊరుకున్నాను.

పాట అయిపోగానే అందరూ లేచి నిలబడ్డారు గుర్తుందా? అమోరి నుంచి వచ్చిన మొరినాగా అయితే కళ్ళు తుడుచుకున్నాడు. చేతులన్నీ ఊగుతున్నాయి. చప్పట్లు నాకు కనిపించాయి. చొక్కాతో, పొట్టి చేతులతో నిలబడి వంగి దణ్ణం పెట్టాను. కానీ లోపల ఏమీ లేదు. నేను పాడానో, నోరు తెరిచి మూశానో నాకు తెలియదు. నేను ఆవులించినా వాళ్ళు అలాగే నిలబడి చప్పట్లు కొట్టేవాళ్ళు. అరవై ఏళ్ళ చెవిటివాడు ఎర్ర చొక్కాలో పాడితే మన జనం ఇంకేం చేస్తారు? ఆ ఒక్క నిమిషంలో అనుకున్నాను, రేపు షాపు మూసేద్దామని. నిజంగానే అనుకున్నాను.

అప్పుడు నువ్వు కౌంటరు మీదున్న చీటీల కట్టలోంచి ఒకటి చింపి, అందరూ ఇంకా చప్పట్లు కొడుతుండగానే, గబగబా రాసి నా మొహం ముందు పెట్టావు.

"మొదటి చరణం ఫరవాలేదు. రెండోది మొత్తం శ్రుతి కింద. పల్లవిలో నాకంటే ముందు పరిగెత్తావు, బస్సు నీకోసం ఆగదని భయమా? ఆఖరి గమకం మాత్రం బాగుంది. ఎలా వచ్చిందో ఏమో."

నువ్వు చేతులు నడుం మీద పెట్టుకుని, నాకు పదమూడేళ్ళప్పుడు ఎలా చూసేదానివో అలాగే చూస్తున్నావు. నేను నవ్వాననుకుని వాళ్ళందరూ నవ్వారు. నేను నవ్వలేదే. కౌంటరు కిందికి వంగి చాలాసేపు గ్లాసులు వెతికింది అందుకే. అక్కడ గ్లాసులు లేవు.

గుమ్మం మీద కాగితం అలాగే ఉంది. నిన్న మొరినాగా తప్పు పాట మోగుతోందని రెండు చేతులూ ఎత్తాడు. దొంగలు పడ్డారనుకున్నాను.

చప్పట్లను నేను నమ్మలేదు చిజురూ. నీ చీటీ చదివాకే నాకు తెలిసింది. ఆ రోజు నేను నిజంగానే పాడాను.

కునిహికో